చల్లారేదాకా మూత తీయరాదు

మా జిల్లాలో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే బస్టాండు వెనక మా సంఘం గదిని చూపించాలి. అందులో ముగ్గురం ఉంటాం: నేను, మద్దిలేటి, కుళ్ళాయప్ప. జనమంతా నిద్రపోతున్నారు, వాళ్ళను మేల్కొలిపే పని మా మీద పడింది. మేమూ మధ్యాహ్నం దాకా పడుకుంటాం గానీ అది వేరే నిద్ర.

గోడల నిండా నినాదాలు రాసుకున్నాం. రాసినదాన్ని అక్షరాలా పాటించడం మా నియమం. గుమ్మం మీద 'ఆలోచించి అడుగెయ్యి' అని రాసిన రోజు నుంచి మేం టీ తాగడానికి వీధిలోకి వెళ్ళాలంటే పూట పడుతోంది.

అలాంటి మాకు ప్రజాసేవ చేసే అవకాశం వచ్చింది. చింతమాను కొట్టాల అనే పల్లెలో బోరు మోటారు కాలిపోయింది. అదే సమయానికి అక్కడి ఓబులమ్మవ్వ మనవరాలిని తొట్లెలో వేసి పేరు పెట్టే పండగ పెట్టుకుంది. ఊరందరినీ భోజనానికి పిలిచేసింది. బియ్యం ఉన్నాయి, పప్పుంది, బెల్లం ఉంది. వండడానికి నీళ్ళు లేవు.

"మధ్యాహ్నానికల్లా నీళ్ళు మేం తెస్తాం అవ్వా! ఇది ప్రజలకు మా హామీ!" అని మద్దిలేటి పిడికిలెత్తాడు. అవ్వ నమ్మింది. పొయ్యి రాళ్ళు పెట్టుకుని కూచుంది.

కుళ్ళాయప్ప వాళ్ళ మామకు ఒక పాత వ్యాను ఉంది. దాని వెనక ఇనప డ్రమ్ములు ఎక్కించి, నిండా నీళ్ళు పట్టి, మూతలు బిగించాం. మామ తాళం చెవి ఇస్తూ చెప్పాడు.

"ఒరే, ముసలి బండిరా. ఊరికే వేడెక్కుతాది. వేడి చూపించే ఆ సూది మీంచి కన్ను తియ్యొద్దండి. వేడెక్కితే నిలిపేసి, చల్లారినాక రేడియేటర్‌లో నీళ్ళు పొయ్యండి. చల్లారేదాకా మాత్రం మూత తియ్యొద్దు, మొహం కాలిపోతాది. అర్థమయిందా?"

"మామా, మేం బీరువా నిండా పుస్తకాలు చదివినోళ్ళం," అన్నాడు కుళ్ళాయప్ప.

"అందుకేరా మళ్ళా అడుగుతాండేది," అన్నాడు మామ.

బయల్దేరాం. సూది మీంచి కన్ను తియ్యొద్దన్నాడు కదా. అంతే, ముగ్గురం తలలు ఆనించి సూదినే చూస్తూ కూచున్నాం. తోలేది మద్దిలేటి. అతనూ సూదినే చూశాడు. నాయకుడికి మినహాయింపు ఉంటే అది నియమం ఎలా అవుతుంది? రోడ్డు చూడమని మామ ఎవరికీ చెప్పలేదు. ఇంకేముంది, వ్యాను వేరుశెనగ చేలోకి దిగింది.

చేలో రైతు పార ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. "కండ్లు నెత్తికెక్కినాయారా మీకు?"

"లేదన్నా, సూది మీద ఉన్నాయి," అని కుళ్ళాయప్ప నిజాయితీగా చెప్పాడు.

రైతు పార దించాడు. మమ్మల్ని చూసి జాలిపడి, వ్యానును మళ్ళీ రోడ్డెక్కించి పోయాడు.

కాస్త దూరం పోయామో లేదో, సూది మెల్లగా పైకి లేచింది. తెల్లగీతలు దాటింది. ఎర్రరంగులోకి అడుగుపెట్టింది.

"ఎరుపు!" అని కేకేశాడు మద్దిలేటి. "కామ్రేడ్స్, సూది ఎరుపు వైపు మళ్ళింది!"

నాకు కళ్ళు చెమర్చాయి. మేం ఎన్ని ఉపన్యాసాలు దంచినా మా వీధిలో ఒక్కడు ఎరుపు వైపు తిరగలేదు. చదువూ సంధ్యా లేని ఈ ముసలి బండి ఇంతలోనే తిరిగింది. ముగ్గురం పిడికిళ్ళెత్తి సూదికి వందనం చేశాం. అది వెనక్కి తగ్గుతుందేమోనని భయమేసి, "ఇంకా తొక్కు, ఇంకా తొక్కు!" అని మద్దిలేటిని ప్రోత్సహించాం. అతను తొక్కాడు. ఇంకేముంది, ముందు బుస్సుమంది. తర్వాత తెల్లగా ఆవిరి కమ్మింది. తర్వాత వ్యాను ఆగిపోయింది.

వెంటనే రోడ్డు పక్కన సభ పెట్టాం.

"ఏ సమస్యకైనా అట్టడుగుకు వెళ్ళాలి," అన్నాడు మద్దిలేటి. అంతే, కుళ్ళాయప్ప వ్యాను అడుక్కి దూరాడు. టప్పుమని అతని ముక్కు మీద ఏదో పడింది.

"కామ్రేడ్! దీనికి రక్తం కారుతోంది!"

"రక్తం నల్లగా ఉందేంది?" అన్నాను నేను.

"ఎండలో పనిచేసే వాళ్ళది అట్లాగే ఉంటుందేమో!" అన్నాడు మద్దిలేటి.

ఇంతకీ ఇంజన్ వేడెక్కిందా లేదా అని ఓటింగ్ పెట్టాం. వేడెక్కిందని ఇద్దరు. 'స్వయంగా పరిశీలించనిదే ఏదీ నమ్మకు' అన్నది నా మంచం పైన రాసుకున్న నినాదం గనక నేను బానెట్ మీద అరచేయి ఆనించి పరిశీలించాను. ఆ తర్వాత నేను పెట్టిన కేకతో తీర్మానం ఏకగ్రీవమైంది.

"నీళ్ళు తగ్గుంటాయి. వెనక డ్రమ్ములోంచి రెండు చెంబులు..." అని కుళ్ళాయప్ప నోరు జారాడు.

"ద్రోహీ! అవి ప్రజల నీళ్ళు! ప్రజల సొమ్ములో ఒక్క చుక్క ముట్టుకుంటావా?" అని మేమిద్దరం మీదపడ్డాం. అతను చెంపలేసుకున్నాడు.

మరి నీళ్ళెక్కడివి? ప్రజలనే అడగాలి. కాలిన చేతిని ఊదుకుంటూ నేను చింతమాను కొట్టాలకు నడిచాను. ఓబులమ్మవ్వ పొయ్యి దగ్గరే ఉంది.

"వచ్చినావా నాయనా! నీళ్ళేవి?"

"నీళ్ళ కోసమే వచ్చానవ్వా. వ్యానుకు ఒక బిందెడు కావాలి."

"నీళ్ళ బండికి నీళ్ళా! డ్రమ్ముల్లో లేవా?"

"నిండా ఉన్నాయి. కానీ అవి నీవి. ముట్టుకుంటే దోపిడీ."

"నేనే చెప్తాండా గదా, పోసుకోండి!"

"నీకు చైతన్యం లేక అలా అంటున్నావు అవ్వా."

ఇంట్లో బిడ్డ ఏడ్చింది. అవ్వ ఆ బిడ్డ స్నానానికని దాచిన ఒకే ఒక్క బిందె తెచ్చి నా నెత్తిన పెట్టింది. "పో సామీ. తొందరగా బండి తీసుకురా. నా పరువు నీ చేతిలో ఉంది."

నేను తిరిగొచ్చేసరికి ఇంజన్ చల్లారింది. మామ చెప్పినట్టే అప్పుడు మూత తీశాం. బిందె వంచబోతుంటే మద్దిలేటి ఆపాడు. "మొత్తం రేడియేటర్‌కేనా? చక్రాలు కష్టపడలేదా? లైట్లు కష్టపడలేదా?" న్యాయమైన ప్రశ్న. అంతే, నీళ్ళు సమానంగా పంచాం. చక్రాలకు చెంబెడు, లైట్లకు చెంబెడు, సీట్లకు చెంబెడు, హారన్‌కు చెంబెడు. రేడియేటర్‌కూ చెంబెడే. దారి పల్లం గనక సరిపోయింది. తడిసిన సీట్ల మీద కూచుని, హారన్ లేకుండా, పల్లె చేరాం.

పల్లెంతా బిందెలతో ఎదురొచ్చింది. నేను డ్రమ్ము మీద చెయ్యేసి చటుక్కున వెనక్కి లాక్కున్నాను. పొద్దుటి నుంచి ఎండకు మాడి డ్రమ్ము నిప్పులా కాలుతోంది.

"ఆగండి! వేడిగా ఉంది! చల్లారేదాకా మూత తియ్యకూడదు!"

ముగ్గురం డ్రమ్ములకు కాపలాగా నిలబడ్డాం. ప్రజల మొహాలు కాలితే ఎవరిది బాధ్యత?

"ఎప్పుడు చల్లారతాదిరా?" అంది ఓబులమ్మవ్వ.

"నీళ్ళు పోస్తే చల్లారుతుంది."

"పొయ్యండి మరి!"

"నీళ్ళు డ్రమ్ములో ఉన్నాయి."

"తియ్యండి మరి!"

"వేడిగా ఉంది కదవ్వా!"

అవ్వ నెత్తి కొట్టుకుంది. మేం ఓటింగ్ పెట్టుకున్నాం. పట్నం పోయి చల్లటి నీళ్ళు తెచ్చి, వాటిని ఈ డ్రమ్ముల మీద పోసి, అప్పుడు మూతలు తీద్దామని తీర్మానించాం. డ్రమ్ములు దించే తీరిక లేదు. అంతే, వ్యాను తిప్పాం.

వెనక ఒకటే గోల. కుళ్ళాయప్ప అద్దంలో చూసి పులకించిపోయాడు. పల్లె పల్లెంతా మా వెనక పరిగెత్తుకొస్తోంది. బిందెలు, గరిటెలు, కట్టెలు గాల్లోకి లేచాయి. అందరికంటే ముందు ఓబులమ్మవ్వ, చంకలో బిడ్డతో.

"చూశారా!" అన్నాడు మద్దిలేటి గద్గదంగా. "ఇన్నాళ్ళకు ప్రజలు మన వెంట కదిలారు!"

ఇంజన్ ఆ భాగ్యాన్ని ఓర్వలేకపోయింది. ఎత్తు ఎక్కకుండానే బుస్సుమని ఆగింది. ప్రజలు మమ్మల్ని అందుకున్నారు. అవ్వ వ్యాను పైకెక్కి, గరిటె కాడతో డ్రమ్ము మూత లేపింది. మేం చెవులు మూసుకుని నేల మీద బోర్లా పడుకున్నాం. ఏమీ పేలలేదు.

నీళ్ళు మళ్ళీ వెనక్కి మోసే ఓపిక ఎవరికీ లేదు. బియ్యం, పప్పు, బెల్లం అక్కడికే తెచ్చుకుని, వ్యాను పక్కనే రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించారు. వెనక కమ్మీకి చీర కట్టి తొట్లె వేశారు. బిడ్డకు గంగమ్మ అని పేరు పెట్టారు. అన్నం, పప్పు, పాయసం. ఊరంతా వరసగా రోడ్డు మీద కూచుని తిన్నారు. మేమూ ఆకులు వేసుకుని కూచున్నాం.

ఓబులమ్మవ్వ పాయసం గిన్నె తెచ్చి, మూత పెట్టి ఉండగానే మా ముందుంచింది.

"మూత తియ్యొద్దండి నాయనా. వేడిగా ఉంది."

ఆమెకు ఇన్నాళ్ళకు చైతన్యం వచ్చిందని మేం ముగ్గురం ఎంత సంబరపడ్డామో! ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం. పొద్దుగూకే దాకా గిన్నె మీంచి కన్ను తియ్యలేదు. చల్లారాక మూత తీశాం.

గిన్నె ముందు నుంచే ఖాళీ.

"తీయకపోతేనే బాగుండేది," అన్నాడు మద్దిలేటి. అంతే, మళ్ళీ మూత పెట్టేశాం.