నూగుకొమ్ముల దుప్పి

“తినకండి, అన్నం ఇసకైపోతోంది!” అని వీధి ఆ చివర్నుంచి ఒక కేక వినిపించింది.

అది మామూలు వీధి కాదు, కుంకుమగిరి రాజవీధి. ఆవేళ ఆ వీధి పొడుగునా, కోట గుమ్మం దాకా, ఒకటే పెళ్లి బంతి. అటు వరసా ఇటు వరసా అరిటాకులు. కేక ఆ చివర పుట్టి, ఆకు ఆకూ దాటుకుంటూ ఇటు రావడం మొదలెట్టింది. ఒకాయన పప్పన్నం కలుపుతుంటే వేళ్ల మధ్య కరకరమంది. ఆయన పక్కావిడ బూరె కొరికితే పళ్లు జివ్వుమన్నాయి. ఆమె పక్క ముసలాయనకి పళ్లే లేవు గనక ఆయన ఇంకో రెండు ముద్దలు మింగాక గానీ తెలుసుకోలేదు, పాపం. అలా అలా వచ్చి ఆ కేక కోట గుమ్మంలో పెళ్లిపీటల దగ్గర ఆగింది.

ఎవరి పెళ్లంటారా? అక్కడికే వస్తున్నా.

కుంకుమగిరిని ధవళకేతు మహారాజు ఏలేవాడు. రాజన్నాక కొడుకులుండాలి కదా, ఆయనకి ముగ్గురు. పెద్దవాడు సింహకేతుడు, నడిపివాడు మీనకేతుడు, చిన్నవాడు హంసకేతుడు. ఆ రోజు పెళ్లి హంసకేతుడిది. పెళ్లికూతురు కలువరేఖ. తాళి కట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి. ఇక మిగిలింది బువ్వం బంతి. అంటే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకే కంచంలో కలిసి తినడం. ఆ దేశంలో అన్నీ అయినా బువ్వం బంతి కాందే పెళ్లి పూర్తయినట్టు కాదు. అప్పటిదాకా పిల్ల పుట్టింటిదే. హంసకేతుడు ముద్ద కలిపి చెయ్యి ఎత్తాడు, సరిగ్గా అప్పుడే ఆ ముద్ద వేళ్ల సందుల్లోంచి జలజలా జారిపోయింది. బంగారు కంచం నిండా ఇసక.

అప్పుడు పందిరి మీద పొగలాంటి మబ్బు ఒకటి దిగింది. అందులో గుహశంఖుడనే మాంత్రికుడున్నాడు. మనిషి సన్నగా, ముఖం ఎవరితోనూ మాట్లాడి ఎరగనట్టుగా ఉంది.

“ఏడు సముద్రాల అవతల నేనొక్కణ్ణే తింటాను, నేనొక్కణ్ణే పడుకుంటాను. మీ బంతుల గోల గాలికి కొట్టుకొచ్చి నా చెవిలో పడుతోంది. ఇకమీదట కుంకుమగిరి వాడెవడైనా సరే, ఇంకొకరితో కూర్చుని తింటే ఆ తిండి ఇసకే” అన్నాడు.

అని ఊరుకుంటే వాడికి బాగుండేది. కానీ మాంత్రికులకి అదొక జబ్బు, ప్రాణం ఎక్కడ దాచారో చెప్పకపోతే కడుపు ఉబ్బుతుంది. మీరు చిలకలో అనుకుంటున్నారు కదూ? అందరూ చిలకల్నే వెతుకుతారని వాడికీ తెలుసు. అందుకే చిలకలో పెట్టలేదట. తన దీవిలో ఒక చుక్కల దుప్పి ఉందిట. వానాకాలంలో దాని కొమ్ములు కొత్తగా మొలుస్తాయి, వాటి మీద మెత్తటి నూగు ఉంటుంది. ఆ కొమ్ము కొనలో, ఆ నూగు కింద, తుమ్మెదై దాక్కుంది వాడి ప్రాణం. నూగు ఉన్నన్నాళ్లూ బాణం దిగుతుంది. వానలు వెనకబట్టాక దుప్పి కొమ్ముల్ని చెట్టుకేసి రుద్ది నూగు రాల్చేస్తుంది. ఆ తరవాత పిడుగు పడ్డా ఆ కొమ్ము చెక్కుచెదరదు. పోనీ దుప్పినే కొట్టేద్దామా అంటే, అది చస్తే ప్రాణం ఇంకో దుప్పిలోకి దూకేస్తుంది. అంతా పూస గుచ్చినట్టు చెప్పి, తేలికపడి, వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి కుంకుమగిరిలో ఎవరి ఆకు వాళ్లు పట్టుకుని గోడవైపు తిరిగి తినడం. మొగుడు వంటింట్లో, పెళ్లాం వసారాలో, పిల్లలు తలుపుకొకరు. కలువరేఖని పుట్టింటికి తీసుకెళ్లిపోయారు. వెళ్తూ ఆమె హంసకేతుడి చేతిలో అటుకులూ బెల్లం మూట పెట్టింది.

“తొందరగా రండి. ఆలస్యమైతే మీ వంతు బువ్వం కూడా నేనే తినేస్తాను” అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లు మాత్రం నవ్వలేదు.

అన్నదమ్ములు ముగ్గురూ విల్లులు పట్టుకుని, తలో బాణం తీసుకుని బయల్దేరారు. సముద్రం ఒడ్డున పల్లకీ అంత తాబేలు ఒకటి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. ఒక్కడి వల్ల కాలేదు, ఇద్దరి వల్లా కాలేదు, ముగ్గురూ కలిసి తిప్పితే తిరగబడింది. తాబేలు తాత సంతోషించి, ఎక్కండర్రా మనవలూ అని వీపు చూపించింది.

ఇక ఏడు సముద్రాలూ ఒకదాని వెంట ఒకటి. ఉప్పు సముద్రం మీద గాలి ఏడ్చినట్టుంది. చెరుకు సముద్రం మీద తేనెటీగలు మేఘాల్లా తేలుతున్నాయి. కల్లు సముద్రం దగ్గర చేపలు పాటలు పాడుకుంటూ ఒకదాని మీద ఒకటి వాలిపోతున్నాయి, వాటిని చూసి సింహకేతుడూ ఓ కునుకు తీశాడు. నేతి సముద్రం పేరుకుని పడవల్లాంటి తరకలు కట్టింది. పాల సముద్రంలో చంద్రుడు పగలు కూడా ఉన్నాడు. పెరుగు సముద్రం ఈదలేనంత గట్టిగా ఉంటే తాబేలు తాత దాని మీద జారుకుంటూ పోయింది. చివరిది మంచినీళ్ల సముద్రం, అడుగున ఎవరివో కలలు కదులుతున్నట్టు నీడలు. దారిలో తినేటప్పుడు మాత్రం ముగ్గురూ మూడు దిక్కులకి తిరిగి కూర్చునేవాళ్లు. మీరిలా మూడు వైపులకీ బరువేస్తుంటే నా వీపు తిరగలైపోతోందర్రా అని తాత ఒకటే గొణుగుడు.

వానాకాలమంతా అలా నీళ్ల మీదే గడిచింది. దీవికి చేరేసరికి ఆకాశం తేటపడింది. చూస్తే ఏముంది, ఒడ్డునే ఒక చెట్టు బెరడు గోకేసి ఉంది. పక్కన పొదకి అరచెయ్యంత నూగు తోలు వేలాడుతోంది. దుప్పి అప్పుడే కొమ్ములు రుద్దడం మొదలెట్టేసింది. ఇక నూగు కొనల్లోనే మిగిలుంటుంది, అదీ రెండు మూడు రోజులు.

దీవి చూస్తేనేమో అడివికి అడివి. దుప్పి ఎక్కడికొస్తుందో ఎవరికి తెలుసు? బాణం కొమ్ము కొనకే తగలాలంటే అది పక్కింటి అరుగంత దగ్గరికి రావాలి. కాబట్టి వేటంతా ఎక్కడ కూర్చోవాలన్న దాంట్లోనే ఉంది.

సింహకేతుడు పెద్దవాడు గనక తనే ముందన్నాడు. జంతువన్నాక నీళ్లకి రాక చస్తుందా అని చెరువు గట్టున పొదలో కూర్చున్నాడు. వాళ్ల ఊళ్లో ఎండాకాలం వేటలో అది సరైన మాటే. కానీ ఇప్పుడు వానలు వెలిశాయి. ప్రతి గుంటలో నీళ్లు, ప్రతి ఆకు దొన్నెలో నీళ్లు, ఆఖరికి దుప్పి కాలిగుర్తులో కూడా నీళ్లే. చెరువుదాకా నడవాల్సిన ఖర్మ దానికేం పట్టింది? సాయంత్రం దాకా కప్పల కచేరీ విని లేచొచ్చాడు.

రెండో రోజు మీనకేతుడు అన్నని ఎగతాళి చేసి, దుప్పులు నడిచే బాట వెతికి పట్టుకున్నాడు. ఆ బాట మీదే చెప్పుల కాళ్లతో అటూ ఇటూ తిరిగి, మంచి చెట్టు చూసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఆయనకి తలకి సంపెంగ నూనె రాసుకోందే పొద్దు గడవదు. గాలి వీపు మీంచి ముందుకి వీస్తోంది. దుప్పుల మంద వంద బారల దూరంలోనే ఆగింది, ముక్కులెత్తింది. ఒక ముసలి దుప్పి కూత పెట్టేసరికి అడివంతా ఖాళీ. ఆ మందలో కొనల మీద చిన్న నూగు కుచ్చులున్న మగదుప్పి తోక ఎగరేసుకుంటూ పోవడం మీనకేతుడు చెట్టు మీంచి చూశాడు.

ఇక మిగిలింది హంసకేతుడు. బాణమూ ఒకటే, పొద్దూ ఒకటే. ఆ సాయంత్రం అతను విల్లు పట్టుకోకుండా అడివిలోకి నడిచి ఒక బండ మీద కూర్చున్నాడు. మూటలో ఆఖరి గుప్పెడు అటుకులున్నాయి. పైనుంచి ఒక కొండముచ్చు, నల్లటి మొహం, బూడిద రంగు గడ్డం, అటుకుల వైపే చూస్తోంది. హంసకేతుడు మూట మొత్తం దాని ముందు పెట్టి దూరంగా పోయి అటు తిరిగి కూర్చున్నాడు.

కొండముచ్చుకి కోపమొచ్చింది. పెట్టేవాడివి పక్కన కూర్చుని తినాలి గానీ ఈ మొహం తిప్పుకోవడమేంటి, నా మొహం నల్లగా ఉందనా అని అడిగింది. హంసకేతుడు కథంతా చెప్పాడు. బువ్వం బంతి సంగతీ, కలువరేఖ సంగతీ, ఇప్పుడు తను పక్కన కూర్చుని తింటే దాని అటుకులు కూడా ఇసకైపోతాయన్న సంగతీ చెప్పాడు. కొండముచ్చు నములుతున్నది ఆపేసింది.

“మాలో ఎవరైనా ఒంటరిగా తింటే జబ్బు చేసిందనుకుంటాం. మేం కొమ్మ మీద కాయలు తింటామా, సగం తిని సగం కింద పడేస్తాం. కింద దుప్పులు తింటాయి. పులొస్తే పైనుంచి మేం చెబుతాం, వాసన తగిలితే కిందనుంచి అవి చెబుతాయి. పైనా కిందా అదే మా బంతి. రేపు మేం ఏ చెట్టెక్కితే దుప్పులు ఆ చెట్టు కిందికే వస్తాయి. నీకే చెట్టు కావాలో చెప్పు” అంది.

హంసకేతుడు వెంటనే ఒప్పుకోలేదు. అన్నం దగ్గరికి పిలిచి బాణం వెయ్యమంటోందా? తన బాణం గురి తప్పితే ఇక్కడి బంతి కూడా చెదిరిపోతుంది. ఆ మాటే అడిగాడు.

“అవును, చెదిరిపోతుంది. అందుకే చెట్టు నన్ను ఎంచమనకు, నువ్వే ఎంచుకో” అంది కొండముచ్చు.

కాయలున్న చెట్లు మూడు. మిట్ట మీద వెలగ, చెరువు దగ్గర తాని, లోయలో ఉసిరి. తెల్లవారుజామున హంసకేతుడు మొలలోంచి జిల్లేడు దూది తీశాడు. వెలగచెట్టు దగ్గర ఒక పింజె వదిలితే అది నేరుగా చెట్టు కిందికే ఎగిరిపోయింది. తన వాసన కూడా అలాగే పోతుందన్నమాట, వద్దనుకున్నాడు. తానిచెట్టు దగ్గర వదిలితే అది గిరగిరా తిరిగి ఎటూ తేల్చలేదు, అదీ వద్దు. ఉసిరిచెట్టు దగ్గర వదిలిన పింజె మెల్లగా వచ్చి అతని ముక్కు మీదే వాలింది. ఇదేనని కొండముచ్చుకి చెప్పాడు. దుప్పుల బాట తొక్కకుండా సెలయేట్లో నడిచి వచ్చి, పక్క చెట్టు వేళ్ల మధ్య ఒదిగి కూర్చుని, ఇక ఊపిరి కూడా అరువు తెచ్చుకున్నట్టే పీల్చాడు.

పొద్దు పొడుస్తుండగా కొండముచ్చులు ఉసిరెక్కాయి. టపటపా కాయలు రాలాయి. మంచులోంచి దుప్పులు ఒకటొకటే, ఎవరో వాటిని అప్పుడే కలలోంచి గీసినట్టు, బయటికొచ్చాయి. అన్నిటికన్నా వెనక పెద్ద మగదుప్పి. కొమ్ములన్నీ మెరుస్తున్నాయి, ఒక్క కుడి కొన మీద మాత్రం గోరంత నూగు మిగిలుంది. అది నడుచుకుంటూ వచ్చి పక్కింటి అరుగంత దూరంలో తల వంచింది. కానీ తల వంచినప్పుడు కొమ్ము వెనక మెడ ఉంది. హంసకేతుడు విల్లు లాగి అలాగే పట్టుకున్నాడు. బాణం వదల్లేదు. దుప్పి ఒక కాయ తింది, రెండో కాయ తింది. మూడో కాయ పైనుంచి పడుతున్న చప్పుడుకి తల పైకెత్తింది. కొన వెనక ఉత్త ఆకాశం. బాణం వదిలాడు.

టక్కుమంది. అంతే. దుప్పి తల విదిలించి, ఈగ వాలిందేమో అనుకున్నట్టు చెవులాడించి, నాలుగో కాయ వెతుక్కుంది. విరిగిన కొనలోంచి నల్లతుమ్మెద ఝుమ్మని పైకి లేచింది. కొండముచ్చు కొమ్మ మీంచి ఒక చెయ్యి చాపి, దాన్ని టప్పున పట్టి నోట్లో వేసుకుంది. చేదని మొహం అదోలా పెట్టింది గానీ ఉమ్మలేదు. దీవి నడుమ గుహలోంచి ఒక పొగ లేచి, సాయంత్రం నీడ చీకట్లో కలిసినట్టు కలిసిపోయింది. గుహశంఖుడి పని అయిపోయింది.

అన్నలిద్దరూ తమ్ముణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు. తాబేలు తాత మళ్లీ ఏడు సముద్రాలూ ఈదింది. ఆ తరవాత హంసకేతుడూ కలువరేఖా ఏళ్ల తరబడి, తలలు ముగ్గుబుట్టలయ్యేదాకా, కుంకుమగిరిని చల్లగా ఏలారు. ఏ ఇంట్లోనూ ఒంటరి విస్తరి పడలేదంటారు. అయితే నాకు వాళ్లు తిరిగొచ్చిన రోజే ఇష్టం.

ఆ రోజు రాజవీధిలో మళ్లీ ఆకులు వేశారు, వడ్డించారు. ఒక్కరూ కూర్చోరే. శాపం పోయిందని ముగ్గురన్నదమ్ములూ చెబుతూనే ఉన్నారు, జనం తలలూపుతూనే ఉన్నారు, కానీ చేతులు మాత్రం ఆకు పట్టుకుని గోడవైపు తిరగబోతున్నాయి. అలవాటైపోయింది మరి. రాజు రాణి వైపు చూశాడు, రాణి రాజు వైపు చూసింది, ఇద్దరూ నించునే ఉన్నారు.

కలువరేఖ వచ్చి పీట మీద కూర్చుంది. పక్క పీట చేత్తో తట్టి, “రండి, చల్లారిపోతోంది” అంది.

హంసకేతుడు కూర్చున్నాడు. ఆమె ఒకే కంచంలో అన్నం పప్పూ నెయ్యీ కలిపి, ముద్ద చేసి అతని నోట్లో పెట్టింది. వీధి వీధంతా అతని దవడ వైపే చూస్తోంది. నమిలాడు. ఇంకా నమిలాడు. మింగాడు.

“ఉప్పు తక్కువైంది” అన్నాడు.

వంటవాడు లబలబలాడుతూ ఉప్పు దొన్నె తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. రాజుగారు అతని చెయ్యి పట్టుకుని తన పక్కనే కూలేశారు. రాణి కూర్చుంది, సింహకేతుడూ మీనకేతుడూ ఎదురెదురుగా కూర్చున్నారు, పళ్లు లేని ముసలాయన కూర్చున్నాడు, వీధి ఆ చివరిదాకా జనం ధబధబా కూర్చున్నారు. కాసేపు చేతులు ఆకుల మీద ఆడుతున్న చప్పుడే. ఆ తరవాత ఎవరో పక్కవాణ్ణి పప్పు ఇటు జరపమన్నారు.