తీతువు కోసం ఒక పుడక

ఒక్కటి అడుగుతాను, తడుముకోకుండా చెప్పండి: మీరు చివరిసారి నేల మీద కాలు మోపింది ఎప్పుడు? రాలిన ఈక కోసం దిగింది లెక్కలోకి రాదు. గింజ కోసం దిగిందీ రాదు. ఇంకొకరి కోసం, ప్రాణం మీదికొస్తుందని తెలిసీ దిగింది ఎప్పుడు?

సరే, ఆలోచిస్తూ ఉండండి. ఈలోగా కథ చెబుతాను.

ఆఫ్రికా ఖండంలో దక్షిణాన ఒక ఎర్ర ఇసుక ఎడారి ఉంది. అక్కడ చెట్లు తక్కువ, నీళ్ళు ఇంకా తక్కువ, రాజుగారి విగ్రహాలు మాత్రం కావలసినన్ని. రాజు ఒక నిప్పుకోడి. ఐదేళ్ళకోసారి పక్షులన్నీ కలిసి ఆయన్నే ఎన్నుకునేవి. పోటీకి నిలబడ్డ పక్షులు ఎందుకో ఎన్నికల ముందే వలస పోయేవి.

ఆ ఎడారిలో నాలుగు వందల గిజిగాడి పిట్టలు ఉండేవి. ఎవరి గూడు వారు అల్లుకునే రకం కాదు. ముళ్ళతుమ్మ మీద అందరికీ ఒకటే కప్పు, దాని కింద రెండు వందల గదులు. గదులన్నిటి గుమ్మాలూ కిందికే తెరిచి ఉండేవి. పొద్దున్నే తల బయట పెడితే ముందు నేల కనపడేది. వద్దన్నా కనపడేది.

వాటికొక ఆచారం. ఎవరికైనా అన్యాయం జరిగితే పిట్టలన్నీ దిగి, ఆ అన్యాయం చేసినవాడి ఎదురుగా నేల మీద కూర్చునేవి. అరిచేవి కావు. కూర్చునేవి, అంతే. నేల మీద కూర్చున్న పిట్టని పాము మింగొచ్చు, నక్క పట్టుకుపోవచ్చు. అందుకే ఆ కూర్చోడానికి అంత విలువ. ఒకసారి గుడ్లు తాగిన నాగుపాము ఎదుట నాలుగు వందల పిట్టలు రెప్ప వేయకుండా కూర్చుంటే, అది తిన్నది అరగక ఊరే వదిలి పోయిందట.

ఇలా ఉండగా ఎవరో వచ్చి ఎడారి అంతటా ఇనుప టవర్లు, సరిగ్గా మధ్యలో ఒకటి, పాతి వెళ్ళారు. దాని మీద వాలి ఒక్క కూత కూస్తే, ఎడారిలో ఉన్న టవర్లన్నిటి మీదా వినిపించేది. ఆ కూత నచ్చినవాళ్ళు ఒక పుడక తెచ్చి గుచ్చితే టవర్ నెత్తిన ఎర్రలైటు ఒకసారి వెలిగేది.

గుంపులో నోరున్న పిట్ట ఒకటి ఉండేది. వాదనలో దాన్ని గెలిచిన పిట్ట లేదు. దానితో మళ్ళీ మాట్లాడదామని వచ్చిన పిట్టా లేదు.

"ఇంకా ఎన్నాళ్ళు ఈ ముళ్ళ మధ్య? లోకమంతా టవరెక్కింది. మనమే మిగిలాం, పాతకాలపు పీనుగుల్లా!" అంది అది.

అందరూ టవరెక్కి, దాని మీదే కొత్త కప్పు వేసి గదులు అల్లుకున్నారు. చెవులు బొత్తిగా వినపడని అవ్వ ఒకతె మాత్రం, "నా గది గుమ్మం నేలవైపే ఉంటుందా?" అని అడిగి, ఉంటుందని తల ఊపాక ఎక్కింది.

టవర్ మొదట్లో చేసిన మేలుని కాదంటే నా నాలుక ఊడుతుంది. ఉత్తరాన సజ్జల గాదెకి కాపలా అధికారి ఒక ఎలుక. గాదెలో సగం అధికారిగారి పొట్టలోకే పోతోందని ఒక చిన్న పిచ్చుక టవరెక్కి చెప్పింది. ఇదివరకైతే ఆ మాట పొద దాటేది కాదు. ఆ రోజు పొద్దు వాలేలోపు ఎడారంతా తెలిసింది. ఎలుక కొలువు ఊడింది. మా నోరున్న పిట్ట ఆ విజయం తనదేనన్నట్టు వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగింది. అది గుచ్చింది ఒక్క పుడక.

అలా కూసే పిట్టలు పెరిగాయి. వెళ్ళి చూసొచ్చే పిట్ట మాత్రం ఒక్కటే ఉండేది. అది తీతువు.

పొడుగు కాళ్ళు, కర్కశమైన గొంతు. నేల మీదే గుడ్లు పెడుతుంది, నేల మీదే పరిగెడుతుంది, కళ్ళతో చూసిందే చెబుతుంది. తీతువు అరిస్తే కీడని లోకం మాట. తీతువు మాట వేరు: "కీడు ముందొస్తుంది, నేను వెనకాల వస్తాను. దాన్ని వదిలేసి అందరూ నన్నే చూస్తారు, ఏం చెయ్యను?"

ఆ వేసవిలో ఎడారికున్న ఒక్క పెద్ద నీటిగుంట చుట్టూ ముళ్ళకంచె లేచింది. నీటి రక్షణ కోసమే అన్నాడు రాజు. తీతువు వెళ్ళి చూసింది. కంచె పక్కన ఇసుక ఒక చోట అరికాలికి చల్లగా తగిలింది. ఆ చల్లదనం వెంట అడుగులో అడుగు వేసుకుంటూ పోయింది. చల్లదనం పోయి పోయి రాజుగారి పుచ్చతోటలో ఆగింది. ఇసుక కింద పైపు ఉంది. తీతువు టవరెక్కి ఆ మాట చెప్పింది.

మర్నాడు పొద్దున్నే కాపలా రాబందులు దాన్ని పట్టుకున్నాయి. గుంట పక్కనే, నీళ్ళు కనపడేలా, అందకుండా, ఎండలో ఒక ముళ్ళబోనులో పెట్టి తాడుతో ముడి వేశాయి. ఆ ఎండలో నీళ్ళు లేకుండా ఒక పిట్ట మూడు రోజులు బతికితే గొప్ప.

టవర్ నుంచి బోను దూరమెంతో తెలుసా? రెక్క పది సార్లు కొడితే చేరిపోవచ్చు.

"దిగి కూర్చుందామా?" అంది ఒక పిట్ట.

"దిగితే ఎవరికి తెలుస్తుంది?" అంది నోరున్న పిట్ట. "ఇక్కడుంటే లోకానికి తెలుస్తుంది. తీతువు కోసం ఒక పుడక! తలా ఒక్కటి! ఎవరు తేలేదో నేను చూస్తుంటాను!"

పుడకలు వచ్చిపడ్డాయి. ఎన్నడూ తీతువు ముఖం చూడని కొంగలు తెచ్చాయి. సముద్రం ఒడ్డు నుంచి పేరు తెలియని తెల్లపక్షులు తెచ్చాయి. లైటు ఆరితే ఒట్టు. పైన చోటు చాలక కప్పు కింద గుచ్చారు. గుమ్మాలు ఒక్కొక్కటే పుడకలతో మూసుకుపోయాయి. నేల కనపడటం మానేసింది. ఎవరూ పట్టించుకోలేదు. లైటు ఉన్నది పైన కదా.

రాజుకి మంత్రి ఒక ముంగిస. అది కాకుల్ని పంపింది. కాకులు టవర్ మీద వాలి, "తీతువు అరిచింది కాబట్టే గుంట ఎండుతోంది. తాతలనాటి నుంచి ఉన్న మాటేగా!" అన్నాయి.

నోరున్న పిట్ట ముక్కు నూరింది.

"ముందు కంచె లేచిందా, ముందు తీతువు అరిచిందా?"

"అంటే మన తాతలు అబద్ధాలాడారా?"

"మీ తాతలు పాడె మీది మెతుకులు ఏరుకుతిన్నారు. అదీ చెయ్యమంటారా?"

"పెద్దల్ని అంటోంది! వినండహో, పెద్దల్ని అంటోంది!"

మధ్యాహ్నం దాకా సాగింది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా సాగింది. వాదన నోరున్న పిట్టే గెలిచింది. కాకులు కూడా ఒప్పుకున్నాయి. తీతువుకి మూడు రోజుల్లో ఒక రోజు అయిపోయింది.

రెండో రోజుకీ లైటు ఆరలేదు. రాజు పుచ్చముక్క పక్కకి తన్నాడు. "ఆ టవర్ వైరు కోసెయ్యండి!" అని అరిచాడు.

కోసేశారు. లైటు ఆరింది. ఎడారిలో ఒక్కసారిగా గాలి చప్పుడు వినపడింది.

పిట్టలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. కూస్తే పక్క గదికి కూడా పోవడం లేదు. చాలాసేపటికి ఎవరో అన్నారు: "అవునూ, తీతువు ఎలా ఉందో?"

గుమ్మాలకి అడ్డున్న పుడకలు పీక్కుని పిట్టలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కింద నేల ఉంది. నేల మీద బోను ఉంది. బోనులో తీతువు నోరు తెరుచుకుని పక్కకి ఒరిగి ఉంది.

ఎవరూ పిలవలేదు, ఎవరూ నినాదం ఇవ్వలేదు. నాలుగు వందల పిట్టలు దిగి బోను చుట్టూ కూర్చున్నాయి. రాబందులు ఒకడుగు వెనక్కి వేశాయి. మరో అడుగు వేశాయి. నోరున్న పిట్ట జీవితంలో మొదటిసారి నోరు వేరే పనికి వాడింది. ముక్కుతో ముడి లాగుతూ కూర్చుంది. ముడి కదిలింది. తీతువు కన్ను తెరిచింది.

తోటలో రాజు ముంగిస దగ్గరికి పరుగెత్తాడు.

"మహారాజా, పొరపాటు చేశాం," అంది ముంగిస. "ఇప్పటికిప్పుడు వైరు కలిపించండి."

"కలిపితే మళ్ళీ తిడతారయ్యా!"

"తిడతారు. పైనుంచి తిడతారు."

వైరు కలిసింది. టవర్ గుయ్యిమంది. ఎర్రలైటు వెలిగింది. ఆ చప్పుడికి తలలు ఒకేసారి అటు తిరిగాయి.

"ఒక్క చూపు చూసొద్దాం, మనకెన్ని పుడకలు పడ్డాయో," అంది ఒకటి.

"ఇదిగో, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాం," అంది ఇంకొకటి, తీతువుతో.

ఈక రాలినంతసేపట్లో నేల ఖాళీ అయినట్టే అయింది. ముడి సగం ఊడి ఉంది. రాబందులు వచ్చి ఆ ముడికి తోడు మరో ఆరు వేశాయి.

పైన నోరున్న పిట్ట అందరికంటే ముందు వాలి, "గెలిచాం! రాజు తల వంచాడు! టవర్ మనకి తిరిగొచ్చింది!" అని కూసింది. ఆ కూతకి పడినన్ని పుడకలు దాని జన్మలో దేనికీ పడలేదు.

మూడో రోజు పొద్దున పుడకలు కాస్త తగ్గాయి. నోరున్న పిట్టకి ఒక ఆలోచన వచ్చింది. 'ఎడారిలోకెల్లా ముసలి పిట్ట, తీతువు కోసం పుడక' అంటే లైటు అదిరిపోదూ! అవ్వ ముక్కున ఒక పుడక పెట్టి అందరికీ చూపిద్దామని ఆమె గదికి వెళ్ళింది. గది ఖాళీ.

కిందికి చూసింది. బోను పక్కన ఏదో చిన్నగా కదులుతోంది. దిగింది.

అవ్వ రొమ్ము ఈకలు తడిసి ఒంటికి అంటుకుని ఉన్నాయి. బోనుకి ఛాతీ ఆనించి నిలబడి ఉంది. లోపలి నుంచి తీతువు ఆ ఈకల్ని ఒక్కొక్కటే చప్పరిస్తోంది. ముసలి పిట్టని రాబందులు లెక్కచెయ్యలేదు. అది అయ్యాక అవ్వ కంచె సందులోంచి దూరి, గుంటలో పొర్లి, మళ్ళీ వచ్చింది. దారిలో ఎండకి సగం ఆరిపోయింది. మిగిలింది మూడు చుక్కలు.

నోరున్న పిట్టకి కళ్ళు చెమర్చాయి. ఎంత త్యాగం! ఎంత పట్టుదల! ఈ మాట పైకెళ్ళి ఎలా చెబితే బాగుంటుందో అప్పుడే అల్లుకోవడం మొదలుపెట్టింది.

"అవ్వా, అందరూ వెళ్ళిపోయినా నువ్వొక్కదానివే ఆగిపోయావా!" అని చెవి దగ్గర అరిచింది.

"అందరూ ఏమయ్యారే? దాహానికి వెళ్ళారేమో, వస్తారులే అని చూస్తున్నా."

"టవర్ వచ్చింది కదవ్వా! నిన్ననే!"

అవ్వ తెల్లబోయింది. "వచ్చిందా? ఎప్పుడు? నాకు చెప్పి చావరేం? నేనూ వచ్చేదాన్ని కదే!"

అవ్వది త్యాగం కాదు. చెవుడు. తీతువు ఇంతవరకు బతికింది దాని వల్లే.

అవ్వ టవర్ వైపు ఒకసారి చూసింది. తీతువు వైపు చూసింది. "సర్లే. ఈ ఒక్కసారీ తడిసొచ్చి వెళతా," అంది. అలా అని పొద్దుటి నుంచి ఆరు సార్లు వెళ్ళింది.

ఆ నోరున్న పిట్ట నేనే. గొంతు గుర్తుపట్టే ఉంటారు, మీ టవర్ల మీద దీన్ని తప్పించుకోవడం కష్టం. నా రొమ్ము ఈకలు కూడా ఇప్పుడు తడిగానే ఉన్నాయి. నాకూ మూడే చుక్కలు ఆగాయి. వాదనలో ఎంత గొప్పదాన్నయినా నాలుగోది ఆగలేదు.

రాబందులు మధ్యాహ్నం కునుకులో ఉన్నాయి. అవ్వ రెక్కలు వాలిపోయాయి. తీతువు ఇందాక నాతో ఒకే మాట అంది: "ఎంతమంది వస్తున్నారు?" నేను ఎర్రలైటు లెక్క చెప్పబోయి నోరు మూసుకున్నాను.

మీకు చెప్పడానికి ఈ టవర్ తప్ప దారి లేదు కాబట్టి ఒక్కసారి పైకొచ్చాను. ఇదిగో, నేను మాట్లాడుతుండగానే నెత్తిన లైటు వెలిగింది. ఎవరో నా కథకి పుడక గుచ్చారు. ఎవరమ్మా అది? బాగుందా? సంతోషం. దాన్ని పీకెయ్యి. పీకిన చోట కన్నం పడుతుంది. ఆ కన్నంలోంచి కిందికి చూడు.

బోను తాడుకి ఏడు ముడులు ఉన్నాయి. ముక్కులు నాలుగు వందలు ఉన్నాయి. నేను దిగుతున్నాను. గుంటలో రొమ్ము తడుపుకుని, చప్పుడు చెయ్యకుండా, మీరూ రండి.