నాలుగు చుట్ల నట్టు

పిల్లలూ, ఈ మాట నేను ఇంతవరకు పైకి అనలేదు. ఆ రోజు నట్టు నాలుగు చుట్లకే ఆగిపోయిందని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

అనగనగా ఒక అడవి, ఆ అడవి కొండల మీదుగా ఒక ఘాట్ రోడ్డు. ఆ రోడ్డు పక్కన లారీ చక్రాలు బిగించే ఉడుము ఒకటి ఉండేది. ఆ ఉడుము నేనే. నాకెవరూ పని నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. "ఉడుం పట్టంటే పట్టే! ఆ పిల్ల బిగించిందంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అనేవాళ్లు అంతా. ఆ మాట వినడం నాకు మహా ఇష్టం.

ఒకరోజు దున్న అప్పలకొండ మామ లారీ తెచ్చాడు. కాకి కూడా వెంట వచ్చింది. మామ సంచిలోంచి తళతళలాడే రెండు బిళ్లలు తీశాడు.

"ఇవేంటి మామా?" అన్నాను.

"స్పేసర్లే పిల్లా. చక్రానికీ ఇరుసుకీ మధ్య పెడితే చక్రం బయటికి జరుగుతుందట. లారీ నాలాగా ఛాతీ విరుచుకుని నిలబడుతుందట! కాకి సగం ధరకే ఇచ్చింది."

"మెరుపు చూశావా? మొహం చూసుకోవచ్చు!" అంది కాకి.

"మొహం సంగతి సరే, బరువు మోస్తుందా?"

"నీకు చేతకాకపోతే చెప్పు. ఇంకొకరి దగ్గరికి పోతాం" అంది కాకి.

ఆ మాట గుచ్చుకుంది. ముందు చక్రాలు రెండింటికీ బిళ్లలు పెట్టాను. బిళ్ల మందం బోల్టు పొడవును తినేసింది. ఎప్పుడూ పది చుట్లు తిరిగే నట్టు నాలుగు చుట్లకే ఆగింది.

"అయిందా పిల్లా?"

"బిగిసింది మామా" అన్నాను. అబద్ధం కాదు, బిగిసింది. పట్టు మాత్రం లేదు.

వారానికి మామ తిరిగొచ్చాడు. "స్టీరింగు వణుకుతోందే" అన్నాడు. ఎడమ చక్రం నట్లు వదులయ్యాయి. "కొత్తవి కదా, సర్దుకుంటాయి" అని బలమంతా పెట్టి బిగించాను.

ఇంకో వారానికి మళ్లీ వచ్చాడు. "టకటకమంటోంది పిల్లా." చూస్తే ఒక బోల్టు మెడ సన్నబడి ఉంది. 'తీసేద్దాం మామా' అనే మాట నోటిదాకా వచ్చింది. నేను బిగించినవి నేనే తీస్తే కాకి నవ్వదా? ఇంకా గట్టిగా బిగించి పంపేశాను.

మూడోసారి మామ రాలేదు. కబురొచ్చింది.

ఘాట్ దిగుతుంటే ఎడమ చక్రం ఊడింది. లారీ కొండను రాసుకుని ఆగింది. చక్రం ఆగలేదు. కింద మలుపులో జింక పైడమ్మత్త సీతాఫలాలు అమ్ముకునేది. అప్పుడే బుట్ట ఎత్తుకుంటోందట. చక్రం వస్తున్న చప్పుడు విందో లేదో.

అందరం పైడమ్మత్త ఇంటికి వెళ్లాం. మామ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "వేగంగా తోలానేమో! నేనే చంపుకున్నాను అత్తని" అంటూ కొమ్ములు నేలకేసి కొట్టుకున్నాడు.

"దిగేచోట అంత దూకుడేంటి?" అంది కాకి. అంతా తలలూపారు. బిళ్ల మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఉడుము బిగించింది కదా! పైడమ్మత్త కూతురు మామ వైపు చూడనైనా లేదు. నేను ఆ పక్కనే నిలబడ్డాను. మామ ఏనాడూ ఘాట్‌లో వేగంగా దిగినవాడు కాదని నాకు తెలుసు. అయినా నోరు తెరవలేదు.

అప్పటినుంచి మామ లారీ ఎక్కలేదు. మేత కూడా సరిగా ముట్టడంలేదట. ఈ సాయంత్రం ఆయన కూతురు గౌరి నవ్వుతూ నా దగ్గరికి వచ్చింది.

"ఎడమ చక్రం బాగుచేయించాం అక్కా. రేపటినుంచి లారీ నేనే తోలతాను. నాన్న ఇంక తోలనంటున్నాడు."

"కుడి చక్రం?" అన్నాను.

"అది నువ్వు బిగించిందే కదా, దానికేం!" అని వెళ్లిపోయింది.

వెనక్కి పిలవాల్సింది. పిలవలేదు.

కుడి చక్రం వెనక రెండో బిళ్ల అలాగే ఉంది. మామ తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. నిజం చెబితే నా దగ్గరికి ఇంకెవరూ రారు. పైడమ్మత్త కూతురి మొహం కూడా చూడాలి. చూస్తాను. ముందు ఆ లారీ కదలకూడదు. అప్పలకొండ మామకు ఇప్పుడే ఫోన్ చేస్తాను.

నీతి: చక్రం దగ్గర చవకకు పోకూడదు; పట్టు లేదని తెలిసినప్పుడు, పేరు పోతుందని చెప్పకుండా ఉండకూడదు.