బావికి ఎగువన దోసపాదులు

కొండ కింద ఒక దిగుడుబావి ఉంది. అడవి జంతువులూ దొడ్డి పశువులూ అన్నీ ఆ నీళ్లే తాగేవి. ఆ బావికి ఎగువన గుంటనక్క దోసపాదులు పెట్టింది. అప్పట్నుంచీ దాని తెలివి చూస్తే దానికే ముద్దొచ్చేది. రైతులు గట్టు మీద మరిచిపోయిన యూరియా బస్తాలు లాక్కొచ్చి, చిటికెడు చాలే పాదుకు దోసెడు వేసేది. దిట్టంగా పెడితే దిట్టంగా కాస్తుందని దాని లెక్క.

బూడిదరంగు ముసలి మైల ఎద్దు పంచాయితీ పెట్టింది. పాదు తినగా మిగిలిన ఎరువు తడితోపాటు భూమిలోకి దిగి బావిలో చేరుతుందని, కొండ వెనక ఊటనీళ్లు తాగడం మేలని చెప్పింది.

నక్క కొబ్బరిచిప్పతో బావినీళ్లు ముంచి అందరి ముందూ పెట్టింది.

"రంగుందా?"

లేదన్నారు.

"వాసనుందా?"

అదీ లేదన్నారు.

"మరి మైలన్నకే ఎలా కనిపించిందో. ముక్కుతాడు బుర్రదాకా బిగిసినట్టుంది."

అందరూ పడీపడీ నవ్వారు. ఎద్దు ఒక్కటే తలొంచుకుని కొండ వెనక్కి పోయింది. నక్క మీసం దువ్వుకుంది.

కొన్నాళ్లకు నక్క ఇంట్లో కొడుకు పుట్టాడు. తల్లికి పాలు చాలక మేకపాలలో బావినీళ్లు కలిపి పట్టారు. పిల్లాడి పెదవులు నీలం తిరిగాయి, ఎగశ్వాస మొదలైంది.  అయినా నక్క తెలివి చావలేదు. నీళ్లలో ఏమున్నా పోతుందని సగానికి మరిగించి పట్టింది. ఈసారి నాలుక కూడా నీలమైంది.

నక్క సిగ్గు చంపుకుని ఎద్దు కాళ్ల మీద పడింది.

"మరిగిస్తే పోయేది నీళ్లు, బావా," అంది ఎద్దు. "నువ్వేసిన దోసెడు ఎక్కడికీ పోదు, గిన్నెలోనే కూర్చుంటుంది. మనం తట్టుకున్నా పసి ఒళ్లు తట్టుకోలేదు. ముందు నా వెంట ఊటకు రా."

ఊటనీళ్లతో పిల్లాడు మెల్లగా తేరుకున్నాడు. నక్క పాదులన్నీ పీకేసింది. కానీ భూమిలోకి దిగింది పీకితే వస్తుందా? బావి బాగుపడేదాకా పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ ఊటనీళ్లు నక్కే మోయాలని పంచాయితీ తీర్పు.

ఇప్పుడు అది కావడి భుజాన వేసుకుని కొండెక్కుతుంటే దారిలో కుందేలు రోజూ ఆపుతుంది.

"మామా, బావినీళ్లకు రంగుందా?"

"ఉందమ్మా," అంటుంది నక్క, కావడి భుజం మార్చుకుంటూ. "నాలాంటి తెలివైనవాడికి అది నీళ్లలో కనపడదు. కొడుకు మూతి మీద కనపడుతుంది."

నీతి: ఎగువన చల్లింది దిగువన తాగక తప్పదు.