రాజుగారు ముట్టని ఎర

ఒకానొక రాజ్యంలో సమస్త సుఖాలూ ఉండేవి, వేళకింత అన్నం తప్ప.

ఆ రాజ్యాన్నేలే ఉద్దండవర్మ మహారాజు పట్టాభిషేకం నాడే ఒక శాసనం చెక్కించాడు: "ప్రభువు సన్నిధిలో, ప్రభువు రుచి చూడకముందు, ఎవ్వరూ ఏదీ తినరాదు." ప్రభువుగారికా, తన పద్యాలు నలుగురికీ వినిపిస్తే గాని ఆకలి వెయ్యదు. వినిపించడం మొదలెడితే పొద్దు వాలితే గాని ఆపడు. ఒకనాడు పట్టపుటేనుగు ఆగలేక అరటిగెల లాగించేసింది. రాజు మండిపడి, శాసనంలో "ఎవ్వరూ" అన్నచోట "ప్రాణమున్నది ఏదైనా సరే" అని మార్పించి, ఏనుగు మెడలో గంట ఊడబీకించాడు.

కోనప్ప ఆ రాజుగారి తాంబూలపు పెట్టె మోసేవాడు. పొద్దస్తమానం సన్నిధిలోనే ఉంటాడు కనుక చిక్కి శల్యం కావలసినవాడు. కాలేదు. "సభలోకి ముందు నా పొట్ట వస్తుంది, ఆనక నేనొస్తాను, నా తెలివి ఇంకా ఇంటి దగ్గరే ఉంటుంది" అని తనే చెప్పుకునేవాడు. పరుల మీద హాస్యమాడితే తల పోయే కొలువులో తన మీద ఆడుకోవడమే క్షేమమని వాడి లెక్క.

ఒకరోజు సభలో కొర్రమీను మీద తగువు లేచింది.

"మా ఉత్తరసీమ నల్లమడుగు కొర్రమీనుకు సాటి లేదు. కండ ఎంత గట్టి!" అన్నాడు ఆ సీమ సామంతుడు.

"గట్టి కాక? అది చేపా, చెప్పుతోలా?" అన్నాడు పడమటిసీమ సామంతుడు. "మా రాళ్ళచెరువు చేప పులుసు మర్నాడు తిని చూడు. గిన్నె కూడా నాకుతావు."

"శాస్త్రం అలా చెప్పలేదు," అంటూ శేషావధానిగారు లేచారు. చేపల మీద మూడు వందల తాటాకుల గ్రంథం రాసిన మహాపండితులు. చేపను మాత్రం ఎన్నడూ చూడలేదు. "ఈశాన్యాన తామరలున్న చెరువే ఉత్తమం."

ఇక్కడ కోనప్ప నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు.

"అవన్నీ ఎందుకు ఏలికా! దక్షిణసీమలో వెదుళ్ళచెరువుంది. అక్కడ గాలం వెయ్యక్కర్లేదు. గాలం పేరెత్తితే చాలు, చేప గట్టెక్కి వచ్చి కూచుంటుంది!"

వాడికి చేపలు పట్టడం ఎంత వచ్చునంటే, చిన్నప్పుడు ఒకే ఒక్కసారి గాలం విసిరాడు, దానికి వాడి పంచే తగులుకుంది. వెదుళ్ళచెరువు గొప్ప వాడికి తెలిసిందల్లా ఒక ప్రయాణంలో అక్కడి బెస్త ముసలమ్మ నూకాలు పెట్టిన చేపలపులుసు వల్లనే.

రాజు మీసం దువ్వాడు. "మూడు సీమల్లోనూ మేమే గాలం వేసి, ఏ చెరువు మేలో తేలుస్తాం."

ప్రయాణం కట్టారు. ఏనుగులు, గుర్రాలు, యాభై డప్పులు, పన్నెండు శంఖాలు, బిరుదులు చదివే వందిమాగధులు.

నల్లమడుగులో రాజు గాలం నీట ముంచగానే "రాజాధిరాజ! రాజమార్తాండ!" అని ముప్పైరెండు బిరుదులూ మారుమోగాయి. బిరుదు బిరుదుకీ డప్పులు. పొద్దుగూకినా గాలం తాడుకు కట్టిన బెండు కదల్లేదు. "అయ్యా, ఆ మోత కాస్త ఆపితే..." అన్న బెస్తవాణ్ణి, ప్రభువు బిరుదుల్ని మోత అంటావా అని గాడిదనెక్కించి ఊరేగించారు. మడుగు పేరు దరిద్రపు మడుగని మార్చారు. రాళ్ళచెరువులోనూ అదే భాగోతం. అక్కడ రాజు కోపం ముదిరి ఊరివాళ్ళ వలలన్నీ తగలబెట్టించాడు.

ఆ పొగ చూస్తూ కోనప్ప కొయ్యబారిపోయాడు. ఇక మిగిలింది వెదుళ్ళచెరువు.

అక్కడ నలభై గడపలవాళ్ళూ రాజుగారి పరివారానికని తెల్లవారకముందే గుండిగల్లో అన్నం, పులుసు వండిపెట్టారు. రాజు కట్ట మీద సింహాసనం వేయించుకుని గాలం వేశాడు. బిరుదులు. డప్పులు. శంఖాలు. మిట్టమధ్యాహ్నమైంది. పులుసు వాసనకు సైనికులకు కళ్ళు తిరుగుతున్నాయి. బెండు మాత్రం నీళ్ళలో మేకు కొట్టినట్టుంది.

రాజు గాలం కర్ర నేలకేసి కొట్టాడు.

"మమ్మల్ని ఇంత అవమానిస్తుందా ఈ చెరువు? కట్టకు గండి కొట్టండి! నీళ్ళన్నీ పోయాక ఆ చేపలెక్కడ దాక్కుంటాయో చూస్తాం!"

నలభై గడపల జనానికీ పైప్రాణాలు పైనే పోయాయి. గునపాలు కట్టెక్కాయి.

రాజుగారి గాలానికని తెచ్చిన ఎరల పిడతతోనే నూకాలు జనంలోంచి తోసుకొచ్చి కోనప్ప చెంగు పట్టుకుంది.

"ఏం బాబూ, నా చేత్తో రెండు గిన్నెల పులుసు తిన్నావు. తిన్న నోరు ఊరుకోలేక రాజు చెవినేశావా?"

"మూడు గిన్నెలు నూకాలూ," అన్నాడు కోనప్ప తల వంచుకుని.

"ఈ నీళ్ళు పోతే మేమేం తాగాల? ఏం తినాల? నోటితో తెచ్చావు, నోటితోనే తీసుకుపో!"

మొదటి గునపం కట్టలో దిగింది. ఆ చప్పుడు కోనప్పకు తన గుండెలో దిగినట్టే వినిపించింది. మోత ఆపమంటే గాడిద. ఊరుకుంటే ఊరు పోతుంది. వాడు చేతిలో పెట్టె పక్కనపెట్టి, చెరువుకేసి తిరిగి, పొట్ట అడ్డొస్తున్నా లెక్కచెయ్యక సాష్టాంగపడ్డాడు.

రాజు నిర్ఘాంతపోయాడు. గునపాలు ఆగాయి.

"ఏమిట్రా అది? ఎవరికి దణ్ణం?"

"కొర్రమీనులకు ఏలికా. ఇంతటి రాజభక్తి నేనెక్కడా చూడలేదు. నాలో అసలే లేదు."

"భక్తా? మా గాలం ముట్టలేదు!"

"ఎలా ముడతాయి? ప్రాణమున్నది ఏదైనా సరే, తమరు రుచి చూడకముందు తినకూడదని శాసనమాయె. ఏనుగంతటిది గంట పోగొట్టుకుంది. ఎర ముక్కు ముందే వేలాడుతున్నా, పొద్దుట్నుంచీ కడుపు మాడ్చుకుని తమ కోసం కాచుకున్నాయి పాపం. నేనైతే గాలంతో సహా మింగేసేవాణ్ణి."

రాజు నీళ్ళలోకి తొంగి చూశాడు.

"అయితే... ఇప్పుడేమంటావు?" అన్నాడు రాజు.

కోనప్ప లేచి, నూకాలు చేతిలోని ఎరల పిడత తీసుకున్నాడు. పెట్టెలోంచి లేత తమలపాకు ఒకటి ఏరి, తుడిచి, దాని మీద బలిసిన వానపామునొకదాన్ని పెట్టి, రెండు చేతులా రాజు ముందుంచాడు.

"ఏలినవారు ఒక్క కొరుకు కొరికితే చాలు."

డప్పుల పుల్లలు గాలిలోనే నిలిచిపోయాయి. సేనాపతి నోరు తెరిచినవాడు మూయడం మరిచిపోయాడు. ఎత్తిన తొండం ఏనుగు దించలేదు. నూకాలు చెంగు నోట కుక్కుకుంది.

రాజు వానపాము వంక చూశాడు. వానపాము తల కాస్త ఎత్తి రాజు వంక చూసింది. తలో, తోకో, ఆ పూట ఎవరికీ తెలియలేదు.

రాజు గుటక మింగి పక్కకు తిరిగాడు. "అవధానీ! మా బదులు నువ్వు..."

శేషావధానిగారు ముందు తెల్లబోయి, ఆపైన నాలుగడుగులు వెనక్కి దూకారు. "శివశివా! శాసనంలో ప్రభువు అనే ఉంది మహాప్రభో! ప్రతినిధి పనికిరాడు! నా మూడు వందల ఆకుల్లో ఎక్కడా లేదు!"

"పండితులవారు సెలవిచ్చారు కదా," అన్నాడు కోనప్ప. "తమరు తినక, శాసనమూ పోక, శాసనం పాటించినందుకే చేపల కొంపకు గండి కొట్టిస్తే, రేపట్నుంచి ఏ ప్రాణి తమ మాట వింటుంది ఏలికా? ఆకు వాడిపోతోంది. సున్నం రాయమంటారా?"

"రద్దు!" అని అరిచాడు రాజు. "శాసనం రద్దు! ఈ క్షణం నుంచే! ముందు ఆ ఆకు అవతల పారెయ్! గునపాలు దించండి!"

ఎవరూ కదల్లేదు. విన్నది నిజమేనా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది నూకాలే.

"రద్దంటున్నారు కదా, ఇంకా చూస్తారేటి? పులుసు చల్లారిపోతంది, రండి బాబూ!"

అంతే. సైనికులు విస్తళ్ళ మీద పడ్డారు. డప్పులవాళ్ళు డప్పులు బోర్లించి పీటలు చేసుకున్నారు. వందిమాగధులు ముప్పైరెండు బిరుదులూ మరిచి ముప్పైరెండు పళ్ళకూ పని చెప్పారు. పట్టాభిషేకమైన నాటి నుంచీ రాజుకు ఎరుకలేని నిశ్శబ్దం చెరువు మీద పరుచుకుంది. ఏం చెయ్యాలో తోచక రాజు మళ్ళీ గాలం వేశాడు.

బెండు వణికింది. ఒకసారి మునిగి లేచింది. ఆనక బుడుంగున మునిగి మళ్ళీ లేవలేదు.

"అమ్మో! లాగేస్తోందిరోయ్!" అన్నాడు రాజాధిరాజు, రాజమార్తాండుడు. లాగితే మూరెడు కొర్రమీను, నిగనిగలాడుతూ గట్టు మీద పడి తపతపా కొట్టుకుంది.

రాజు ఆశ్చర్యానికి అంతులేదు. "ఒరే కోనప్పా! శాసనం రద్దయిందని నీళ్ళలో చేపలకు అప్పుడే ఎలా తెలిసింది? చాటింపు ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యకపోబట్టే వచ్చాయి ఏలికా."

రాజు తల తిప్పి చూశాడు. యాభై డప్పులు బోర్లా ఉన్నాయి. శంఖాలు దొర్లుతున్నాయి. వందిమాగధుల బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. సంగతి మెల్లమెల్లగా తలకెక్కుతుంటే మొహం ముందు పాలిపోయింది, ఆపైన ఎర్రబడింది. గాడిద మీద ఊరేగినవాడు గుర్తొచ్చాడేమో, కాసేపు తల దించుకున్నాడు.

"అయితే మూడు సీమల్లోనూ ఏ చెరువు మేలంటావు?" అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"భజంత్రీలు భోజనం చేస్తున్న చెరువు, ఏలికా."

అప్పుడు నవ్వాడు రాజు. కిరీటం జారి కట్ట మీద దొర్లినా ఆగకుండా నవ్వాడు. నల్లమడుగుకు పాత పేరు, రాళ్ళచెరువుకు కొత్త వలలు, గాడిదనెక్కినవాడికి పట్టుశాలువా, ఏనుగుకు దాని గంట ఇమ్మని అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు.

"నీకేం కావాలో కోరుకోరా కోనప్పా!"

వాడప్పటికే నూకాలు పక్కన చేరాడు. నోటినిండా పులుసన్నం. ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

ఆ రాజ్యం పుట్టాక మొట్టమొదటిసారి, ఒకడి ముద్ద దిగేదాకా మహారాజు కాచుకున్నాడు.

దిగాక కోనప్ప గిన్నె నూకాలు ముందుకు జరిపాడు. "నాలుగోది, ఏలికా."