చెవిటి తవిటయ్య ఆట

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదు. కాళ్లకు బూట్లు లేకుండా ఫుట్‌బాల్ ఆడిన కాలం. సముద్రం ఒడ్డున ఒక గోనెసంచుల మిల్లు ఉండేది. అందులో తవిటయ్య అని ఒక కూలీ. పుట్టుచెవుడు, మాటా రాదు. కూర్చున్నా కాలు ఆడేది. తింటున్నా కాలు ఆడేది. నిద్రలోనూ కాలు ఆడేది.

మిల్లు దొర అతని పరుగు చూశాడు. మగ్గం పని మాన్పించి మిల్లు ఫుట్‌బాల్ జట్టులో పెట్టుకున్నాడు. ఆటే పని, ఆటకే జీతం.

కానీ రిఫరీ ఈల వేస్తే ఆగాలి. తవిటయ్యకు ఈల వినపడదు.

మొదటి ఆటలో ఈల పడింది. తవిటయ్య ఆగలేదు. ఒక్కడే పోయి గోలు కొట్టి గంతులేశాడు. జనం పడీపడీ నవ్వారు. ఎందుకో అతనికి తెలీలేదు.

రెండో ఆటలో ఈల పడింది. తవిటయ్య ఆగలేదు. ఈల విని నిలబడిపోయిన రేవు జట్టు గోల్‌కీపర్ సోములును గుద్దేశాడు. సోములు చెయ్యి విరిగింది.

"కావాలనే చేశాడు!" అంటూ జనం రాళ్లు తీశారు. ఇంకోసారి ఇలా జరిగితే జట్టులో ఉండడన్నాడు దొర.

తవిటయ్యకు ఇంట్లో కాలు నిలవలేదు. సోములు ఇంటికి పోయాడు. సోములు తలుపేసుకున్నాడు. మర్నాడు పోయాడు. తలుపేసుకున్నాడు. మూడోనాడు గుమ్మం ముందు అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాడు. సోములు పెళ్లాం పైడమ్మ చప్పుడు కాకుండా బయటికొచ్చి, అతని వెనక ఇత్తడి బిందె ధన్‌మని పడేసింది. వీధిలో కుక్కలన్నీ లేచాయి. తవిటయ్య తిరిగి చూడలేదు.

"మావా, ఈడికి నిజంగానే ఇనపడదు. నీ మీద ఈడికి పగేటి?" అంది.

సోములు తలుపు తీశాడు.

మూడో ఆట వేరే ఊరి జట్టుతో. తవిటయ్య నాలుగడుగులు పరిగెత్తడం, ఈల పడిందేమోనని బెదిరి వెనక్కి చూడటం. ఇంతలో బంతి దొరికింది. దూసుకుపోయాడు. ఈల పడింది. గోలుపోస్టు వెనక, కట్టు కట్టిన చేతితో నిలబడ్డ సోములు బాగున్న చెయ్యి పైకెత్తాడు.

తవిటయ్య ఆగాడు.

"ఆగాడ్రా! ఆగాడు!" అని కేకలు. మళ్లీ ఈల పడితే సోములుతో పాటు పైడమ్మా చెయ్యెత్తింది. మూడోసారి ఈల పడేసరికి మైదానం చుట్టూ ఉన్న జనమంతా ఎత్తారు. అందులో మొన్న రాళ్లు తీసినవాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత తవిటయ్య పద్నాలుగేళ్లు ఆడాడు. ముసలివాడై కన్నుమూశాడు. మిల్లూ మూతపడింది.

ఇప్పటికీ ఆ మైదానంలో ఈల పడితే చూసేవాళ్లంతా చెయ్యెత్తుతారు. కొత్తవాళ్లు ఎందుకని అడిగితే అక్కడి ముసలమ్మలు చెబుతారు:

"ఎత్తండి బాబూ. లేకపోతే తవిటయ్య పరిగెడతానే ఉంటాడు."