నూనె చుక్క పడ్డ కమ్మలు

చెప్పినవాళ్ళు పోయారు, విన్నవాళ్ళు పోయారు, కథ మాత్రం మిగిలింది. ఏరు ఇప్పుడు పారే చోట పారని రోజులు అవి. ఏటి ఒడ్డున ఒక కోట, కోట కింద ఒక ఊరు, ఊరి చివర ఒక చాకిరేవు. ఆ రేవులో బట్టలుతికే మనిషి పేరు నూకాలు. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు. వాడి పేరు గంగులు.

గంగులుకి చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ కుడిచేతికి వణుకు మిగిలిపోయింది. ఆ రోజుల్లో ఊరేగింపుల్లో దివిటీ పట్టే పని చాకళ్ళది. దివిటీ అంటే కర్రకి గుడ్డ చుట్టి, ఆముదం పోసి వెలిగించే దీపం. గంగులు దివిటీ పడితే చెయ్యి వణికేది, నూనె చుక్క టప్పున రాలేది. ఎవరి భుజం మీదో, ఎవరి తల మీదో పడేది.

"ఒరే గంగులూ, దేవుడి పెళ్ళికొచ్చిన వాళ్ళందరికీ తలంటుతున్నావేంట్రా?" అని నవ్వేవాళ్ళు.

"నూనె మరకైతే నేను కాదేటి ఉతికేది? మీకేటి నొప్పి?" అని కొడుకు తరఫున నూకాలు తగువుకి వచ్చేది.

అలా ఉండగా యుద్ధం వచ్చింది. రాజులకి ఎందుకు పడలేదో చాకిరేవు దాకా కబురు రాలేదు. ఏనుగులు కదిలాయి, గుర్రాలు కదిలాయి, కాలిబంట్లు కదిలారు. రాత్రిళ్ళు వెలుగు కావాలి కదా, దివిటీలవాళ్ళూ కదిలారు.

"ఒరే, ఉన్నావో లేదో కబురంపరా," అంది నూకాలు.

"నాకు రాత రాదు కదే అమ్మా," అన్నాడు గంగులు. "రాసేవాళ్ళ పక్కన దివిటీ పట్టుకునుంటాను. అంతే నా వల్ల అయ్యేది."

అన్నాడు, వెళ్ళాడు.

నూకాలు ఇంట్లో ఒక కంచు కంచం ఉంది. అది గంగులు తండ్రిది, తరవాత గంగులుది. రోజూ పొద్దున ఆ కంచంలో ఒక ముద్ద పెట్టి గుమ్మంలో ఉంచేది. ఎందుకో చెప్తాను వినండి. దూరాన ఉన్నవాడి ముద్ద కంచంలో పెడితే వాడికి ఆకలి తెలియదని నమ్మకం. పోయినవాడి ముద్ద అయితే కాకికి పెట్టాలి. బతికున్నవాడికి కంచం, పోయినవాడికి కాకి. రెండూ కలపకూడదు.

కంచం దగ్గర కాకి వాలిందా, నూకాలు చీపురు తీసుకుని లేచేది.

"హుష్! పో! ఇది బతికున్నోడి ముద్ద!"

సాయంత్రం దాకా చూసి ఆ ముద్ద తనే తినేది.

నెలలు గడిచాయి. కబురు లేదు. కాలిబంటుకి రాత రాదు, మావటికి రాదు, దివిటీవాడికి రాదు. రాసేది నాయకులే. అప్పట్లో కాగితం లేదు. తాటాకు మీద గంటంతో గీకి రాసేవారు. దాన్ని కమ్మ అనేవారు. దండు విడిసిన చోట నాయకులు రాసుకునే కమ్మలు వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి వచ్చేవి. నూకాలు ఆలోచించింది. నా గుంటడి కబురు ఎక్కడైనా ఉంటే ఆ కమ్మల్లోనే ఉండాలి. వాడు రాసేవాళ్ళ పక్కనే ఉంటానన్నాడు కదా.

మొదట ఏనుగుల నాయకుడి ఇంటికి వెళ్ళింది. మాసిన బట్టలు మూటగట్టి, "అమ్మా, పండక్కి నాకు కోక వద్దు. దొరగారు రాసిన కమ్మ ఒకటి ఇప్పించండి," అంది.

"చదివేసినవి పొయ్యి ముట్టించడానికి ఉంచాం. పట్టుకెళ్ళు," అంది ఆ ఇల్లాలు.

రెండోది గుర్రాల నాయకుడి ఇల్లు. ఆ ఇల్లాలికి నోరు పదును.

"చదువురానిదానికి కమ్మలెందుకే? బట్టల బానలో వేసి ఉడకేస్తావా?"

"ఉడకేస్తే మీ దొరగారి గొప్పలు తెల్లగా అవుతాయేమో తల్లీ," అంది నూకాలు.

ఆమెకి నవ్వొచ్చింది. "అసలుది ఇవ్వను. నకలు రాయించి ఇస్తాలే," అంది.

నూకాలు తల అడ్డంగా ఊపింది. "నకలు నాకెందుకు తల్లీ? అది ఈ వీధిలో రాసిన ఆకు. నాకు అక్కడ రాసినదే కావాలి."

అసలుదే తెచ్చుకుంది.

మూడోది కాలిబంట్ల నాయకుడు కూర్మినాయుడి ఇల్లు. కూర్మినాయుడూ, తమ్ముడు చిన్నంనాయుడూ ఇద్దరూ యుద్ధంలోనే ఉన్నారు. ఇంట్లో వాళ్ళ తల్లి అచ్చియ్యమ్మ ఉంది. ఆవిడ ఏమీ అడగలేదు. తలగడ కింద నుంచి కమ్మ తీసి ఇచ్చింది. "నువ్వూ తల్లివే కదే," అంది. అంతే.

ముగ్గురి కమ్మలూ తీసుకుని నూకాలు వీధిబడి పంతులు జగ్గయ్యగారి అరుగు కింద కూర్చుంది.

"సదవండి అయ్యోరూ. నా గుంటడి పేరుందేమో సూడండి."

పంతులు మొదటిది చదివాడు. ఏనుగుకి కడుపు ఉబ్బింది, పనసకాయ పెడితే తగ్గింది అని ఉంది. రెండోది చదివాడు. గుర్రం పేరు మాణిక్యమట, దాని కాలు బెణికితే దొరగారికి అన్నం సహించలేదట. మూడోది చదివాడు. ఊరగాయ అయిపోయిందని, వాన వదలట్లేదని ఉంది.

"ఏనుగు ఉంది, గుర్రం ఉంది, ఊరగాయ కూడా ఉంది. గంగులు లేడు నూకాలూ," అన్నాడు పంతులు.

నూకాలు కమ్మలు వెనక్కి తీసుకుంది. చుట్టబోతూ ఆగింది. ఒక ఆకు చివర గోరంత మరక. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆముదం. రెండో ఆకు చూసింది. చుక్క. మూడో ఆకు చూసింది. చుక్క.

"అయ్యోరూ! ఉన్నాడు! ఆడి చెయ్యి వణికింది, చుక్క పడింది! ఇయన్నీ నా కొడుకు దీపం కింద రాసినవే!"

ఊరంతా వెక్కిరించిన చుక్క అది. ఆ రోజు నూకాలు దాన్ని కళ్ళకద్దుకుంది.

అప్పట్నుంచి ఏ నాయకుడి ఇంటికి కమ్మ వచ్చినా నూకాలు వెళ్ళి అడిగేది. కోకలు వద్దంది, నూకలు వద్దంది, అసలు కమ్మ ఇస్తే చాలంది. చుక్క చూసేది, వాసన చూసేది, మూటలో పెట్టి దూలానికి కట్టేది. గుమ్మంలో కంచం పెట్టేది. కాకి వాలితే అదిలించేది.

"హుష్! పో! ఇది బతికున్నోడి ముద్ద!"

రెండో ఏడు వర్షాకాలం. ఒక పొద్దున కూర్మినాయుడి ఇంటికి కమ్మ వచ్చింది. చదవడానికి వచ్చిన పంతులు మొదటి వరస చదివాడు. "అమ్మా, తమ్ముడు చిన్నంనాయుడు యుద్ధంలో పోయాడు." రెండో వరసకి వెళ్ళేలోపే అచ్చియ్యమ్మ నేల మీద పడిపోయింది. ఇల్లంతా ఏడుపు. పంతులు చేతిలో కమ్మ అలాగే జారిపోయింది.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. చావు కబురు తెచ్చిన ఉత్తరం ఇంట్లో ఉండకూడదు. చించి నీళ్ళలో కలిపెయ్యాలి. కలిపేది ఎవరు? మైలబట్టలు తీసుకెళ్ళే చాకలి. ఆ కమ్మని మైలబట్టల మూటలో దోపి నూకాలు చేతికిచ్చారు.

రేవులో మోకాలి లోతు నీళ్ళలో నూకాలు నిలబడింది. చేతిలో కమ్మ. మిగతావన్నీ దాచింది కదా, దీన్నీ దాచుకోవాలనిపించింది. మళ్ళీ భయం వేసింది. చావు కబురు నా ఇంటి దూలానికి కడితే నా బిడ్డకి కీడు కాదా?

ఆకు తిప్పి చూసింది. చుక్క లేదు. ఇటు చూసింది, అటు చూసింది. ఎక్కడా చుక్క లేదు. వాసన చూసింది. వాన వాసన తప్ప ఏమీ లేదు.

"ఇది మావోడి దీపం కింద రాసింది కాదు," అనుకుంది. నిలువునా చీల్చింది. ఏట్లో వదిలింది. ముక్కలు తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి.

ఆ తరవాత వచ్చిన కమ్మల్లో చుక్క లేదు.

"వెన్నెట్లో రాసుకుంటున్నారేమో అయ్యోరూ," అంది ఒకసారి.

"అయ్యుండొచ్చు," అన్నాడు పంతులు.

"ఆడి వణుకు తగ్గిందేమో."

పంతులు గంటం పదును చూసుకుంటూ కూర్చున్నాడు.

కమ్మలు వస్తూనే ఉన్నాయి. చుక్క లేని కమ్మల్ని కూడా నూకాలు మూటలో పెడుతూనే ఉంది. రాత్రి దూలం కింద పడుకుని పైకి చూస్తూ తనలో తనే అడిగేది.

"ముద్ద కంచంలో పెట్టనా, కాకికి పెట్టనా?"

తెల్లారితే కంచంలోనే పెట్టేది.

మూడో ఏడు యుద్ధం ముగిసింది. గెలిచారో ఓడారో, వచ్చినవాళ్ళ మొహాలు చూస్తే తెలియలేదు. నూకాలు ఏనుగుల నాయకుడికి ఎదురెళ్ళింది.

"బాబూ, నా గుంటడు గంగులేడి?"

"గంగులెవరు?" అన్నాడాయన.

గుర్రాల నాయకుడికి ఎదురెళ్ళింది.

"బాబూ, దివిటీ పట్టే గంగులు, నా కొడుకు."

"దివిటీలు చాలా ఉంటాయి. పట్టుకున్నదెవరని ఎవడు చూస్తాడు?" అన్నాడాయన.

అందరికంటే వెనక కూర్మినాయుడు కుంటుకుంటూ వచ్చాడు. నూకాలు అడగకముందే ఆగాడు.

"నూకాలూ, కర్మకాండ చేయించావా?"

"ఎవరికి బాబూ?"

"నీకు తెలీదా? రాశానే! తమ్ముడు పోయాడని అమ్మకి రాసిన కమ్మలో, అడుగున రాశాను. ఆ రాత్రి తమ్ముడు దెబ్బ తిని చీకట్లో ఎక్కడో పడిపోయాడు. గంగులు దివిటీ పట్టుకుని వెతకడానికి వెళ్ళాడు. వెలుగు చూసి అవతలివాళ్ళు బాణాలు వేస్తున్నారు, ఆర్పెయ్యరా అని అరిచాం. ఆర్పితే చిన్నబాబు కనపడడండీ అన్నాడు. పొద్దున ఇద్దరూ పక్కపక్కనే దొరికారు. మన నూకాలు కొడుకు కూడా పోయాడు, ఆ తల్లికి నీ నోటితో చెప్పమ్మా అని రాశాను."

నూకాలు తన రెండు చేతులూ చూసుకుంది. బట్టలుతికే చవుడు మట్టితో పగిలిన చేతులు.

"ఆ కమ్మ నేనే చీల్చాను బాబూ," అంది. "చుక్క లేదని ఏట్లో కలిపేశాను."

చుక్క ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది.

ఆమె ఏడవలేదట. ఇంటికి నడిచి, గుమ్మంలో కంచం ముందు కూర్చుందట. ఒక మాట అందట.

"ఆకలితో నా బిడ్డ కాకై వచ్చుంటాడు. చీపురుతో అదిలించాను."

మర్నాడు ఏటి ఒడ్డున కర్మ చేశారు. కాకికి ముద్ద పెట్టారు. చెట్టు మీద ఒక్క కాకి ఉంది. అది దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినవాడికి తీరని కోరిక ఏదో ఉందని అర్థం. ఆ కోరికేదో కనుక్కుని, తీరుస్తామని మాటివ్వాలి.

"వాడికేది ఇష్టం?" అని పంతులు అడిగాడు. నూకాలు ఎండుచేప కాల్చి ముద్ద మీద పెట్టింది. కాకి చూసింది. ముట్టలేదు.

నూకాలు ఇంటికెళ్ళి మూట తెచ్చింది. "నీ చుక్కలన్నీ దాచాను నాయనా. నా ప్రాణం ఉన్నంతకాలం ఒక్క ఆకు కూడా పోనివ్వను." కాకి కింది కొమ్మకి దిగింది. ముట్టలేదు.

"ఇంకేం కావాల్రా కొడకా?" అంది నూకాలు. ఆ మాటకి అక్కడున్నవాళ్ళు ఎవరూ తల ఎత్తలేకపోయారు.

అప్పుడు కూర్మినాయుడు ముందుకొచ్చాడు. మూట విప్పాడు. అందులో తను రాసిన కమ్మలు చూసుకున్నాడు, తోటి నాయకులవీ చూశాడు. ఏనుగుంది, గుర్రముంది, ఊరగాయ ఉంది. గంగులు బతికున్నప్పటి ప్రతి ఆకు చివరా చుక్క ఉంది. పేరు మాత్రం లేదు. కుంటికాలితోనే ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"గంగులూ, నీ వెలుగులో కూర్చుని ఇన్ని రాశాం. నువ్వున్నావని ఒక్కరం రాయలేదు. నువ్వు పోయాక ఒక్క వరస రాశాను, అదీ అడుగున. ఇకమీదట నేను ఏ కమ్మ రాసినా, పక్కనున్న రాతరానివాడి పేరు రాయకుండా ముగించను. నా కింద రాసేవాళ్ళనీ ముగించనివ్వను. నీ తల్లి మీద ఒట్టు."

కాకి దిగింది. ముద్ద తీసుకుంది. ఏటి మీదుగా ఎగిరిపోయింది.

నూకాలు అప్పుడు ఏడ్చింది.

ఆ తరవాత ఎన్నాళ్ళు బతికిందో ఎవరూ చెప్పరు. బతికినన్నాళ్ళూ రోజూ పొద్దున కాకికి ముద్ద పెట్టిందనీ, చీపురు మళ్ళీ గుమ్మంలో ఉంచలేదనీ చెప్తారు. ఆమె పోయాక మూట దూలానికే ఉండిపోయింది. కొన్నాళ్ళకి చెదలు పట్టాయి. నాయకులు రాసిన కమ్మలన్నీ మట్టయిపోయాయి. ఏనుగు పోయింది, గుర్రం పోయింది, ఊరగాయ పోయింది.

మిగిలినవి రెండు. చావు కబురైనా సరే, ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో ఉత్తరాన్ని ఆఖరి వరస దాకా చదవకుండా చించరు. ఎంత ఏడుపులోనైనా ఒకరు లేచి, "నూకాలు వరస ఉందేమో చూడండి," అంటారు. రెండోది, దూరదేశం నుంచి ఎవరు రాసినా తమ క్షేమం రాసుకున్నాక కింద ఒక చుక్క పెడతారు. చుక్క పక్కన, రాయలేని ఇంకొకరి పేరు రాస్తారు. 'ఫలానావాడు ఇక్కడే ఉన్నాడు, బాగున్నాడు, వాళ్ళమ్మకి చెప్పండి' అని.

మీరూ ఎప్పుడైనా ఎవరికైనా రాస్తారు కదా. రాయడం అయిపోయాక ఒక్కసారి తల ఎత్తి చూడండి, దీపం పట్టుకున్నది ఎవరో.